షాపు లేని షాపులో నాలుగేళ్ళు సరుకులు కొన్నాం (నా అనుభవం)

మేము అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి పక్కన మేసన్‌లో ఆరేళ్ళు ఉన్నాం. అక్కడ క్రోగర్ అనే సూపర్‌మార్కెట్ అంటే మన ఊళ్ళో రామాలయం లాంటిది, ఏ వీధిలోంచి బయల్దేరినా ఒకటి తగులుతుంది. కంపెనీ పుట్టిందే ఆ ఊళ్ళో, 1883లో బార్నీ క్రోగర్ అనే ఆయన పెట్టాడు, ఇప్పటికీ హెడ్డాఫీసు సిన్సినాటి డౌన్‌టౌన్‌లోనే. మా పాప మొదటిసారి షాపింగ్ కార్ట్‌లో కూర్చుంది అక్కడే, కౌంటర్ దగ్గర ఫోన్ నంబర్ కొట్టి డిస్కౌంట్ తీసుకోవడం మా ఆవిడకి చేతికి అలవాటైపోయింది.

2021 చివర్లో ఉద్యోగం మారి ఫ్లోరిడా వచ్చాం, టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్. ఇక్కడంతా పబ్లిక్స్ అనే సూపర్‌మార్కెట్ రాజ్యం. 1930 నుంచి ఉన్నారు, హెడ్డాఫీసు లేక్‌లాండ్, అంటే మా ఇంటికి గంట దూరం కూడా ఉండదు. ఫ్లోరిడా వాళ్ళకి పబ్లిక్స్ మీద ఉండేది అభిమానం కాదు, భక్తి. అక్కడి శాండ్‌విచ్ గురించి మా టీమ్‌లో ఒకాయన పదిహేను నిమిషాలు మాట్లాడాడు, మీటింగ్‌లో. సరే బాగుంది శుభ్రంగా ఉంది అన్నీ ఉన్నాయి, కానీ మాకు అలవాటైన పెరుగు లేదు, అలవాటైన బ్రెడ్ లేదు, పైగా బిల్లు చూసినప్పుడల్లా మా ఆవిడ "మేసన్‌లో అయితేనా" అని మొదలుపెట్టేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా కమ్యూనిటీ గేట్లోంచి క్రోగర్ అని పెద్దక్షరాలున్న వ్యాన్ లోపలికి వచ్చింది. నేను కుక్కని తిప్పుతున్నవాడిని ఆగిపోయా. ఫోన్ తీసి మ్యాప్స్‌లో క్రోగర్ అని కొడితే ఫ్లోరిడా మొత్తంలో ఒక్క స్టోర్ కూడా చూపించలేదు, మ్యాపుని పైకి జరుపుకుంటూ పోతే జార్జియాలో కనపడ్డాయి. మరి ఈ బండి ఎక్కడిది? ఎవరో జార్జియా నుంచి తోలుకొచ్చారా అనుకున్నా నిజంగా.

ఇంటికొచ్చి పాత యాప్ తెరిచా. మేసన్ అకౌంట్ అలాగే ఉంది, జిప్ కోడ్ మార్చగానే మీ ఏరియాకి డెలివరీ ఉంది అని వచ్చేసింది. పికప్ అనే ఆప్షనే లేదు, ఎందుకంటే వెళ్ళి తీసుకోడానికి ఏమీ లేదు కదా. నాకు అప్పుడు విచిత్రంగా అనిపించింది కానీ మా ఆవిడ మాత్రం "ఆ పెరుగు ఉందా చూడండి ముందు" అంది. ఉంది.

మొదటి ఆర్డర్ గురించి చెప్పాలి. పాలు, పెరుగు, గుడ్లు, బ్రెడ్, పాలకూర, ఐస్‌క్రీమ్, ఉల్లిపాయలు. మర్నాడు సాయంత్రం స్లాట్ పెట్టుకున్నా. బండి టైముకే వచ్చింది, యూనిఫాం వేసుకున్న అబ్బాయి సంచులు గుమ్మం దగ్గర పెట్టాడు. ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది. ఫ్లోరిడాలో కారు డిక్కీలో ఐస్‌క్రీమ్ ఇంటికి తెచ్చినవాళ్ళకి ఆ రాయి విలువ తెలుస్తుంది. అన్నీ సర్దుతుంటే చివరి సంచీలో ఒకే ఒక్క ఉల్లిపాయ, దానికి విడిగా ఒక కవరు. తప్పు నాదే, మూడు పౌండ్ల బస్తా అనుకుని విడి ఉల్లిపాయ నొక్కి క్వాంటిటీ ఒకటి అని పెట్టా. పప్పులో పోపుకి కూడా చాలని ఉల్లిపాయ ఒకటి రోబోలు వెతికి పట్టుకుని కవర్లో పెట్టి చల్లటి బండిలో టాంపా ట్రాఫిక్ దాటించి నాకు తెచ్చిచ్చారు. మా ఆవిడ దాన్ని రెండ్రోజులు వాడకుండా కౌంటర్ మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

రోబోలు అన్నా కదా, ఆ సంగతి నేను తర్వాత తెలుసుకున్నా, ఒకసారి మొదలుపెడితే వదిలే రకం కాదు నేను. బ్రిటన్‌లో ఒకాడో అని ఒక కంపెనీ ఉంది, వాళ్ళు మొదటినుంచీ స్టోర్లు లేకుండా ఆన్‌లైన్లోనే సరుకులు అమ్మేవాళ్ళు, ఆ గోడౌన్ల టెక్నాలజీని తర్వాత బయట కంపెనీలకి ఇవ్వడం మొదలుపెట్టారు. క్రోగర్ వాళ్ళు 2018లో వీళ్ళతో ఒప్పందం చేసుకున్నారు, అమెరికాలో ఇరవై దాకా గోడౌన్లు కడదామని ప్లాను. మొదటిది ఒహాయోలో మన్రోలో, అంటే మా పాత ఇంటికి దగ్గరే, రెండోది ఫ్లోరిడాలో గ్రోవ్‌లాండ్ అనే చిన్న ఊళ్ళో, ఆర్లాండోకి పడమర. రెండూ 2021లోనే తెరిచారు. గ్రోవ్‌లాండ్‌ది 3,75,000 చదరపు అడుగులు, మన లెక్కలో ఎనిమిదిన్నర ఎకరాల పైన కప్పు. లోపల చదరంగం బల్ల లాంటి పెద్ద జాలీ, దాని గళ్ళ కింద సరుకుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, జాలీ మీద వాషింగ్ మెషీన్ అంత రోబోలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పరిగెడుతూ కావలసిన పెట్టెని పైకి లాగి మనిషి దగ్గరికి తెచ్చిస్తాయి. దాన్ని హైవ్ అంటారు, తేనెపట్టు. వీడియో చూస్తే మా పాప "నాన్నా ఇవి మన పాలు తెస్తున్నాయా" అని అడిగింది, అవునమ్మా అన్నా, ఆ తర్వాత నెలరోజులు పాల క్యాన్‌కి థాంక్యూ చెప్పింది.

ఆ గోడౌన్‌లో కట్టిన ఆర్డర్లు అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవి కావు. పెద్ద ట్రక్కులో టాంపాలో ఉన్న చిన్న కేంద్రానికి వచ్చేవి, అక్కడ వ్యాన్లలోకి మార్చేవాళ్ళు, ఒక్కో వ్యాన్‌లో ఇరవై ఆర్డర్ల దాకా పట్టేవి, ఏ ఇంటికి ముందు ఏ ఇంటికి తర్వాత అనేది కంప్యూటరే చెప్పేది. జాక్సన్‌విల్‌కి అలాగే, తర్వాత మయామి వైపూ అలాగే మొదలుపెట్టారు. ఒక్క స్టోర్ కట్టకుండా రాష్ట్రంలో సగం జనానికి సరుకులు అమ్మేద్దామని. పేపర్ మీద ఎంత అందంగా ఉందో చూడండి, స్థలం కొనక్కర్లేదు, పార్కింగ్ లాట్ అక్కర్లేదు, క్యాషియర్లు అక్కర్లేదు, పబ్లిక్స్ వాడి కంచుకోటలోకి గుమ్మం తట్టకుండా వెనక కిటికీలోంచి దూరినట్టు.

అంతకుముందు కోవిడ్ టైములో మేము వేరే ఒక యాప్ వాడేవాళ్ళం, పేరు ఎందుకులెండి. అందులో మన తరఫున ఎవరో మనిషి స్టోర్‌కి వెళ్ళి ఏరి తెస్తాడు. కొత్తిమీర పెడితే పార్స్లీ తెచ్చాడు ఒకడు, పచ్చిమిర్చి లేవని క్యాప్సికమ్ తెచ్చాడు ఇంకొకడు, పైన టిప్ ముందే నొక్కాలి. పార్స్లీతో చారు పెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకు తెలియకుండా ఉండాలని కోరుకుంటున్నా. దానితో పోలిస్తే ఇక్కడ కొత్తిమీర అంటే కొత్తిమీరే వచ్చేది. గోడౌన్‌లో ఏముందో కంప్యూటర్‌కి ముందే తెలుసు కాబట్టి లేనిది యాప్‌లో కనపడదు, ఉన్నది దాదాపు తప్పకుండా వస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ సాయంత్రం ఆరింటికి చుట్టాలొస్తున్నప్పుడు చిన్న విషయం కాదు.

2022లో బూస్ట్ అని మెంబర్‌షిప్ పెట్టారు. నేను చేరినప్పుడు ఏడాదికి 59 డాలర్లు, 35 డాలర్లు దాటిన ప్రతి ఆర్డర్‌కీ డెలివరీ ఫ్రీ, మర్నాటికి వస్తుంది. అదే రోజు కావాలంటే 99. నేను 59ది తీసుకున్నా. ఇక్కడే నా తెలుగు బుర్ర పనిచేయడం మొదలైంది. నెలకి ఒక్క పెద్ద ఆర్డర్ పెట్టే బదులు పదిరోజులకొకటి చొప్పున మూడు చిన్నవి పెడితే కూరగాయలు తాజాగా ఉంటాయి, ఎలాగూ ఫ్రీయే కదా. ఏడాదికి 36 సార్లు, అంటే ఒక్కో డెలివరీ నాకు 1.64 డాలర్లు పడింది. ఈ లెక్క మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఒకాయన "అన్నా నువ్వు ఫైనాన్స్‌లో ఉండాల్సినోడివి" అని మెసేజ్ పెట్టాడు, ఆ రోజంతా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆర్డర్ 33 డాలర్ల దగ్గర ఆగిపోతే రెండు డాలర్ల కోసం ఏం కలపాలా అని మా ఆవిడా నేనూ చర్చలు పెట్టుకునేవాళ్ళం. ఎక్కువసార్లు నిమ్మకాయలు గెలిచేవి.

అయితే మన వంటకి అది పూర్తిగా సరిపోయింది అనను. కందిపప్పు, ఇడ్లీ రవ్వ, సోనామసూరి బియ్యం, ఇంగువ, వీటన్నిటికీ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాల్సిందే, నెలకోసారి. గోంగూర పెరట్లో వేసుకున్నాం, ఫ్లోరిడా ఎండకి అది అడివిలా పెరుగుతుంది, ఇరుగుపొరుగు తెలుగువాళ్ళకి బస్తాలు పంచాం. కరివేపాకు మొక్కకి మాత్రం ఇక్కడ తిప్పలే, నారింజ తోటల్ని నాశనం చేసిన తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని ఆ మొక్కల మీద ఆంక్షలున్నాయి, ఇది పక్క విషయం, వదిలేద్దాం.

2023 ఎండాకాలంలో అమ్మ వచ్చింది నరసరావుపేట నుంచి. మొదటి వారం ఆ వ్యాన్ రాగానే కిటికీ దగ్గర నిలబడి చూసింది. "ఏరా, ఈ కొట్టు ఎక్కడుంది, ఒకసారి తీసుకెళ్ళు చూస్తా" అంది. కొట్టు లేదమ్మా అన్నా. "కొట్టు లేకుండా సరుకులెక్కణ్ణుంచి వస్తాయిరా" అంది. రోబోల వీడియో చూపించా. మొత్తం చూసి, "మరి సరుకు బాలేకపోతే ఎవరిమీద అరుస్తావు?" అంది. కస్టమర్ కేర్ ఉంటుందమ్మా అంటే నమ్మలేదు.

నిజానికి డెలివరీ అనేది అమ్మకి కొత్తేం కాదు. నా చిన్నప్పుడు ఒకటో తారీకున నాన్న చీటీ రాసిస్తే నేను తీసుకెళ్ళి కిరాణా కొట్లో ఇచ్చొచ్చేవాణ్ణి, సాయంత్రానికి కుర్రాడు సైకిల్ వెనక గోనెసంచీలో నెల సరుకులు పొట్లాలు కట్టి తెచ్చి వసారాలో దింపేవాడు. డబ్బులు జీతం వచ్చాకే, ఖాతా. అమ్మ ప్రతి పొట్లం విప్పి చూసి మినప్పప్పులో రాళ్ళున్నాయని అదే కుర్రాడి చేత వెనక్కి పంపేది. కొసరుగా పిల్లలకి బెల్లం ముక్కో పుట్నాలో వచ్చేవి. అందుకే అమ్మ అడిగింది, "ఇన్ని డాలర్లు పోస్తున్నావు, కొసరేమీ పెట్టడా?" అని. కూపన్లు ఉంటాయమ్మా అన్నా. కూపన్ కొసరెలా అవుతుందిరా అంది, నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆ జులైలో ఒక మధ్యాహ్నం మామూలుగా వచ్చే డ్రైవరే వచ్చాడు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది, వెనకాల సరుకులకి ఏసీ ఉంది గానీ ఇళ్ళ ముందు మెట్లెక్కి దిగేది ఎండలోనే కదా. అమ్మ నన్ను అడక్కుండా లోపలికెళ్ళి పెద్ద గ్లాసులో ఉప్పేసి అల్లం కరివేపాకు దంచేసిన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను ఒక గుక్క తాగి ఆగాడు, ఏంటిది అన్నట్టు నా వైపు చూశాడు, తర్వాత మొత్తం తాగేశాడు. ఆ తర్వాత అమ్మ ఉన్నన్నాళ్ళూ వ్యాన్ వచ్చే రోజు మజ్జిగ రెడీగా ఉండేది. టిప్ ఇస్తే వద్దనేవాడు గానీ మజ్జిగ వద్దనలేదు.

మాటల్లో ఒకరోజు అడిగా, నీ తర్వాత స్టాప్ ఎక్కడ అని. డేడ్ సిటీ అన్నాడు. అంటే మా ఇంటినుంచి ఇరవై నిమిషాల పైనే డ్రైవ్. మా కమ్యూనిటీలో ఇంకెవరూ లేరా అంటే ఈ రోజు మీరొక్కరే అన్నాడు. మాది చిన్న కమ్యూనిటీ కాదు, రెండొందల ఇళ్ళ పైన ఉన్నాయి. నేను లోపలికొచ్చి ఆర్డర్ చూసుకున్నా, 36 డాలర్లు, అందులో రెండు డాలర్ల నిమ్మకాయలు. నేను గొప్పగా చెప్పుకున్న 1.64 డాలర్ల లెక్క అప్పుడు తిరగేసి వేసుకున్నా. ఈ మనిషి జీతం, ఈ బండి పెట్రోలు, గ్రోవ్‌లాండ్ నుంచి వచ్చిన ట్రక్కు, ఎనిమిదిన్నర ఎకరాల రోబోలు, వీటన్నిటికీ కలిపి నేనిస్తున్నది డాలరున్నర చిల్లర. పబ్లిక్స్ వాడికైతే మా గేటుకి ఒక మైలులో స్టోర్ ఉంది, జనం వాళ్ళంతట వాళ్ళే కారేసుకుని వచ్చి, బండి తోసుకుని, ఏరుకుని, మోసుకుపోతారు. వాడికి డెలివరీ బాయ్ ఎవరంటే నేనే. కిరాణా కొట్టు సైకిల్ కుర్రాడు కూడా ఒకే వీధిలో పది ఇళ్ళకి దింపేవాడు, అందుకే గిట్టింది.

అప్పుడే అనుమానం వచ్చింది కానీ మెంబర్‌షిప్ మాత్రం రెన్యూ చేశా. దొరికినన్నాళ్ళు దొరుకుతుందని. ఇది కూడా ఒప్పుకోవాలి.

2024లో శాన్ ఆంటోనియోలో ఉండే నా ఫ్రెండ్ ఫోన్ చేసి మాకు తీసేస్తున్నార్రా అన్నాడు. అది హెచ్‌ఈబీ అనే టెక్సాస్ సూపర్‌మార్కెట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు, అక్కడా క్రోగర్‌కి స్టోర్లు లేవు, మాలాగే వ్యాన్లే. ఆస్టిన్‌లో, మయామి వైపు కూడా అప్పుడే మూసేశారు. మాది టాంపా, గోడౌన్‌కి దగ్గర, మాకేం కాదులే అనుకున్నా.

అదే ఏడాది అక్టోబర్లో మిల్టన్ తుఫాను వచ్చింది. రెండ్రోజుల ముందు అందరూ నీళ్ళకి, బ్యాటరీలకి, బ్రెడ్‌కి ఎగబడ్డారు. నేనేం చేశానో తెలుసా, కారేసుకుని పబ్లిక్స్‌కి వెళ్ళి గంట లైన్లో నిలబడ్డా. లైన్లో మా వీధి వాళ్ళు ముగ్గురు కనపడ్డారు, ఎవరింట్లో జనరేటర్ ఉందో, ఎవరు ఎక్కడికి వెళ్ళిపోతున్నారో అక్కడే తెలిసింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నేను క్రోగర్ యాప్ తెరవనే లేదు. స్లాట్లు ఉన్నాయో లేవో కూడా చూడలేదు. మూడేళ్ళ నుంచి వాడుతున్నా, అవసరం వచ్చినప్పుడు కాళ్ళు అటు పోలేదు, పోడానికి అటు అనేదే లేదు.

2025 నవంబర్లో వార్త వచ్చింది, వాట్సాప్ గ్రూప్‌లోనే చూశా. గ్రోవ్‌లాండ్, మేరీలాండ్‌లో ఫ్రెడరిక్, విస్కాన్సిన్‌లో ప్లెజెంట్ ప్రెయిరీ, ఈ మూడు గోడౌన్లూ 2026 జనవరిలో మూసేస్తున్నారని. అనుకున్నంత లాభం రాలేదన్నారు, లెక్కల్లో 2.6 బిలియన్ డాలర్ల దాకా నష్టంగా రాసేసుకుంటున్నామన్నారు. ఇకనుంచి ఉన్న స్టోర్ల నుంచే ఎక్కువగా పంపిస్తాం, ఇన్‌స్టాకార్ట్, డోర్‌డాష్, ఊబర్ ఈట్స్ లాంటివాళ్ళతో కలిసి చేస్తాం అని. స్టోర్లున్న ఊళ్ళకి బాగానే ఉంటుంది ఆ మాట. మాకేముంది? ఒహాయోలో మన్రోది మాత్రం మూసే లిస్టులో లేదు. మేసన్ ఫ్రెండ్‌కి చెప్తే "మాకేం తేడా లేదే" అన్నాడు, వాడి ఇంటి పక్కనే స్టోర్ కూడా ఉంది మరి.

గ్రూప్‌లో చర్చ బాగా జరిగింది. కొందరు రోబోలు ఫెయిల్ అన్నారు. నాకైతే రోబోల తప్పేం కనపడలేదు, అవి ఒక్క ఉల్లిపాయ అడిగితే ఒక్క ఉల్లిపాయే ఇచ్చాయి పాపం. గోడౌన్ నిండా పనిచేయాలంటే ప్రతి వీధిలో పది ఇళ్ళు ఆర్డర్ పెట్టాలి. రోజూ పోతూ వస్తూ బోర్డు కనపడని షాపుని పది ఇళ్ళకి గుర్తుచేయడం ఎలా? మా పక్కింటావిడకి నాలుగేళ్ళలో నేనే రెండుసార్లు చెప్పా, "ఓ, అది ఇక్కడుందా" అంది రెండుసార్లూ.

చివరి ఆర్డర్ జనవరి మొదట్లో పెట్టా. ఈసారి 35 దగ్గర ఆగలేదు, నూట పది డాలర్ల దాకా పెట్టా, ఎందుకో మరి, లాభం లేదని తెలుసు. పెరుగు ఆరు డబ్బాలు. అదే డ్రైవర్ వచ్చాడు. సంచులు దింపి, ఇదే లాస్ట్ వీక్ అన్నాడు. తర్వాతేంటి అంటే రెండుమూడు చోట్ల అప్లై చేశాను చూడాలి అన్నాడు. వెళ్తూ వెళ్తూ, మీ అమ్మగారు ఉన్నారా అని అడిగాడు. ఇండియా వెళ్ళిపోయింది అని చెప్పా. ఆ ఉప్పు పెరుగు నీళ్ళు ఎలా చేస్తారో మా ఆవిడకి చెప్పాలి, ఏమేం వేస్తారు అన్నాడు. అల్లం, ఉప్పు దాకా చెప్పా, కరివేపాకు దగ్గర ఆగి, లోపల ఫ్రిజ్‌లో ఉన్న కట్టలోంచి నాలుగు రెబ్బలు తెచ్చి కవర్లో పెట్టి ఇచ్చా.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి కొట్టు మూసేస్తున్నారమ్మా అన్నా. "ఏ కొట్టు?" అంది.